గడ్డిముడి ఆట

ఆ రోజు విజయవాడ వన్ టౌన్‌లో ఖాజా మొహిద్దీన్ సారింట్లో ఉన్నది ఎవరెవరంటే: కాలేజీ తరఫున రోబోల పోటీ నడిపే సారు, ఆయన భార్య సుగ్రా, పక్కన కూర్చుని మార్కులు వేసే కూతురు అఫ్సా, విజయవాడ స్కూలు కుర్రాళ్ళు ఇద్దరు, కొల్లేటి ఒడ్డు నుంచి తెల్లవారుజాము పాసింజరు పట్టుకుని వచ్చిన సైన్సు మాస్టారు హనుమయ్య, ఆయన వెంట తొమ్మిదో తరగతి చిట్టిబాబు. ఇంకా, వాళ్ళతోనే వచ్చిన నాగలక్ష్మి. ఆమె వంటింటి తలుపు చాటున నిలబడింది కాబట్టి ఎవరు లెక్కపెట్టినా ఒకరు తక్కువే వచ్చేవారు.

ఇదంతా కాలేజీలోనే జరగాల్సింది. బంద్ అని గేటు తియ్యలేదు. దూరం నుంచి వచ్చిన పిల్లల్ని ఉత్తినే తిప్పి పంపడం ఇష్టంలేక సారు ఇంటికే రమ్మన్నారు.

రోబోల పోటీ వచ్చే ఏడాది. ఆ రోబోలు ఆడాల్సిన కొత్త ఆట ఏమిటో ఈ ఏడాది పిల్లలే ఊహించి చెప్పాలి. నెగ్గిన ఆటని జిల్లాలోని స్కూళ్ళ రోబోలన్నీ ఆడతాయి. "మన స్కూల్లో మోటార్లు లేకపోతేనేం? ఊహించడానికి కరెంటు అక్కర్లేదుగా," అని మాస్టారు పేర్లు పంపేశారు. ఆట నాగలక్ష్మిది. ఆమె డైరీలో పదకొండు పేజీలుంది. చెప్పడం మాత్రం చిట్టిబాబు వంతు. స్కూలు ఇన్‌స్పెక్టరు గారు పేరడిగితేనే గొంతు పెగలక ఏడ్చేసిన పిల్ల నాగలక్ష్మి.

ముందుగదిలో విజయవాడ కుర్రాళ్ళ వంతు నడుస్తోంది. తలుపు సందులోంచి సారు గొంతు వినపడింది.

"అవతలి రోబో కళ్ళకి గుడ్డ కప్పేసి గెలుస్తారా? అది మోసం కాదూ?"

కుర్రాళ్ళు మొహాలు వేలాడేసుకుని బయటికొచ్చారు. అంతే, చిట్టిబాబు బెదిరిపోయాడు.

"మే నాగలక్ష్మీ, దొంగముడి తీసేద్దాం," అన్నాడు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"తలూపితే కాదు. విన్నావుగా? మోసం అంటాడు. మనల్నీ ఇట్టాగే తరిమేస్తాడు."

హనుమయ్య మాస్టారు కూడా వాడికే వత్తాసు పలికారు. "వాడన్నదీ నిజమేనమ్మా. నేను గుడివాడ వాణ్ణి, నాకు మీ కొల్లేటి సంగతులు తెలియవు. పైవాళ్ళకి మాత్రం అబద్ధం నేర్పే ఆటలాగే ఉంటుంది. ముందు సారు నమాజు చేసుకొస్తారట. పావుగంటలో ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది? కొల్లేట్లో మావులు పెడతారు. వెదురుపుల్లలతో అల్లిన బుట్టలవి, లోపలికెళ్ళిన చేప బయటికి రాదు. ఇంటికి హఠాత్తుగా చుట్టాలొస్తే దగ్గర్లో ఎవరి మావు ఉంటే అది ఎత్తి కూరకి చేపలు తీసుకోవచ్చు. దొంగతనం కాదు. కానీ మావు మీద గడ్డిపోచ ముడేసి పోవాలి. సొంతదారు ముడి చూసి, 'ఎవరింటికో చుట్టాలొచ్చారు' అనుకుని పడవ ముందుకి పోనిస్తాడు.

నాగలక్ష్మి ఆటలో మావులంటే బోర్లించిన గ్లాసులు, చేపలంటే వాటి కింది గోలీలు. ఒక రోబో ఆడుతుంటే రెండోది వెనక్కి తిరిగి ఉండాలి. అవతలివాళ్ళ గ్లాసెత్తి గోలీలు తీస్తే దాని మీద పచ్చ రిబ్బను పెట్టాలి. గ్లాసెత్తకుండా ఉత్తినే రిబ్బను పెట్టినా పెట్టొచ్చు. నమ్మి అవతలి రోబో తన గ్లాసు వదిలేస్తే ఆ గోలీలు దానికి పోయినట్టే. అదే దొంగముడి. అది లేకపోతే ఆటంటూ ఏముంది, గోలీలు ఏరుకోవడం తప్ప?

ఆ దొంగముడి ఎక్కడిదో చిట్టిబాబుకీ తెలియదు. రెండేళ్ళ కిందట నాగలక్ష్మి సరదాకి వాళ్ళ నాన్న కాశీరావు మావుకే ఉత్తి ముడి వేసింది. నాన్న దాన్ని చూసి, నిండు మావుని వదిలేసి, ఖాళీ బుట్టతో ఇంటికొచ్చాడు. ఎవరింటికి చుట్టాలొచ్చారో అని రాత్రంతా ఆరా తీశాడు. ఆమె నోరు విప్పలేదు. డైరీలో రాసుకుంది, అంతే.

"ఏంటమ్మా ముడి ముడి అంటున్నారు?" టీ మరిగిస్తున్న సుగ్రా వెనక్కి తిరిగింది. "నాకూ చెప్పు."

నాగలక్ష్మి నేల మీద కూర్చుని, స్టీలు గ్లాసులు ఐదు బోర్లించి, డబ్బాలోంచి నాలుగేసి చింతపిక్కలు తీసి ఒక్కోదాని కింద పెట్టింది. కొత్తిమీర కట్టలోంచి రెండు కాడలు తుంచింది.

"ఇవి మీవి. నేను దేన్నైనా ఎత్తితే దాని మీద కాడ పెడతా. అటు తిరగండి." ఆ నాలుగు మాటలూ ఎలాగో వచ్చాయి.

సుగ్రా పొయ్యి వైపు తిరిగింది. మళ్ళీ చూసేసరికి రెండు గ్లాసుల మీద కాడలున్నాయి.

"రెండు పోయాయన్నమాట. సరే." మిగతా మూడూ ఎత్తి పన్నెండు పిక్కలు కొంగులో వేసుకుంది.

"ఇంక చాలా?" అడిగింది నాగలక్ష్మి.

"చాలు."

నాగలక్ష్మి కాడ ఉన్న గ్లాసొకటి మెల్లగా ఎత్తింది. కింద నాలుగు పిక్కలూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

సుగ్రా నోరు తెరిచింది. ఆ పైన నవ్వింది చూడండి, టీ పొంగి పొయ్యి ఆరిపోయినా పట్టించుకోలేదు. "యా అల్లా! ఉలకదు పలకదు అనుకుంటే నన్నే బోల్తా కొట్టించిందే ఈ పిల్ల!"

"మోసం కదండీ?" అంది నాగలక్ష్మి.

"మోసమేంటి? నా కళ్ళు నువ్వు మూశావా? ఒక్కసారి ఎత్తి చూసుంటే దొరికిపోయేదానివి. చూడకపోవడం నా తెలివితక్కువ."

అంతే కదా! రోబో కళ్ళకి గుడ్డ కప్పితే అది చెయ్యగలిగింది ఏమీ లేదు. ముడి చూసినవాడు నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. ఆ నమ్మడం దగ్గరే ఆట ఉంది. ఈ సంగతి పదకొండు పేజీల్లో ఎక్కడా రాయలేదు తను. చిట్టిబాబుకి చెబుదామని లేచింది.

ముందుగది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అఫ్సా. "కొల్లేరు స్కూలు! ఆట చెప్పేవాళ్ళు ఒక్కరే రావాలి. మిగతావాళ్ళు బయటే ఉండండి."

చిట్టిబాబు చొక్కా సర్దుకున్నాడు. "దొంగముడి మాట ఎత్తను, సరేనా?" అని నాగలక్ష్మి చెవిలో గొణిగి అడుగేశాడు.

వాడు గుమ్మం దాటితే ఆట సగం చచ్చినట్టే.

"నేను చెప్తా," అంది నాగలక్ష్మి.

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే అఫ్సా వంగి, "ఎవరూ?" అని అడిగింది.

"నేనండీ. ఆట నాది."

"నీ వల్ల కాదే," అన్నాడు చిట్టిబాబు. వెక్కిరింత కాదు, నిజంగా భయపడ్డాడు. "మధ్యలో ఏడ్చావంటే మనూరి పరువు పోద్ది."

వంటింట్లోంచి సుగ్రా, "వెళ్ళనివ్వండయ్యా," అంది.

"పుస్తకం చూసి చదవకూడదు," అఫ్సా చెయ్యి చాపింది. "అది బయట పెట్టు."

డైరీ. నాన్న మావు సంగతి అందులోనే ఉంది. చిట్టిబాబు తెరిచి చూశాడంటే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. నాగలక్ష్మి డైరీని గుండెకి హత్తుకుని ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వాడి చేతిలోనే పెట్టింది.

"తెరవొద్దు," అంది.

వాడు తల ఊపాడు. నమ్మాలా వద్దా తేల్చుకునే వ్యవధి లేదు.

లోపల సారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ఎదురుగా ఒక్కటే కుర్చీ. నాగలక్ష్మి గుప్పిట్లో రెండు కొత్తిమీర కాడలు నలిగి తడిగా తగులుతున్నాయి. ఆమె గుమ్మం దాటి రెండడుగులు వేసింది. వెనకాల అఫ్సా తలుపు మూసేసింది.