ఫ్రిజ్‌లో పెట్టిన మందు

"మందంటే చల్లగానే ఉండాలిరా. మీ నాన్న ఇన్సులిన్ పన్నెండేళ్ళు ఈ అరలోనే పెట్టాను. ఎవరైనా వంక పెట్టారా?" అత్తగారు ఫ్రిజ్ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అది వేరు, ఇది వేరమ్మా. పెట్టె మీద రాసుంది, చదవకూడదూ?" అరిచి అరిచి కొడుకు గొంతు బొంగురుపోయింది.

"చదవాలంటే కళ్ళజోడు దొరకాలిగా. అదీ ఫ్రిజ్‌లోనే పెట్టిందేమో చూడు," అంది ఆడపడుచు, సిరంజి కవరు చింపుతూ. ఆమె నర్సు. ప్రతి శుక్రవారం డ్యూటీ దిగి, యూనిఫాం మార్చకుండానే వచ్చి వదినకి ఇంజెక్షన్ చేసి వెళుతుంది.

కోడలు గోడవైపు తిరిగి పడుకుని అంతా వింటోంది. నెలలు నిండకుండా నొప్పులు రాకూడదని ఇచ్చే హార్మోను అది. నూనెలో కలిపిన మందు. చల్లబడితే చిక్కబడి, ఒంట్లోకి దిగనని మొరాయిస్తుంది. అత్తగారు దాన్ని ఫ్రిజ్‌లోకి మార్చిన ఈ రెండు వారాలుగా తుంటి మీద నిమ్మకాయంత గడ్డలు ఎందుకు కడుతున్నాయో ఇప్పుడు తెలిసింది.

కేలండర్‌లో ఒక శుక్రవారం 'ఎ', మరో శుక్రవారం 'కు'. ఎడమ, కుడి. పద్నాలుగు అయ్యాయి. ఇవాళ్టిది పదిహేనోది, తర్వాత ఇంకా ఆరు. క్రితంసారి ఆరో నెలలోనే నొప్పులొచ్చాయి. పాప రెండు రోజులే ఉంది. ఈసారి ఆ నెల దాటినా గుండెల మీది కుంపటి దిగలేదు. "ఇది ప్రయత్నమేనమ్మా, హామీ కాదు," అని డాక్టరు మొదటిరోజే చెప్పేసింది. బాత్రూముకి వెళ్ళిన ప్రతిసారీ ఎర్రచుక్క కోసం వెతుక్కుని వెతుక్కుని ఆమె కళ్ళు కూడా అలిసిపోయాయి.

అత్తగారు ఫ్రిజ్ తలుపు తెరిచింది. మందు సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేదు. కొడుకే పరుగెత్తి ఆపాడు.

"వెచ్చబడింది, చూడవే," అని చాలాసేపటికి కూతురికి అందించింది.

సూది దిగింది. నొప్పి ఉంది గానీ, పోయినవారమంత లేదు.

అత్తగారు కోడలి పాదం మీద చెయ్యి వేసింది. "నా బుద్ధి గడ్డి తిని నిన్ను ఏడిపించానే. రెండో బిడ్డకి ఇలా చెయ్యన్లే. అన్నీ నేర్చుకున్నానుగా."

"ముందు దీన్ని బయటికి రానీ, తల్లీ!" అంది ఆడపడుచు, దూది నొక్కి పట్టుకుని.

కోడలు మెల్లగా లేచి కూర్చుంది. ఆమెకి కోపం లేదు. కోపానికైనా ఓపిక ఉండాలి.

"రెండోది లేదత్తయ్యా," అంది. "మిగిలిన ఆరూ చేయించుకుంటాను, ఒక్కటీ మానను. కానీ ఈ బిడ్డ దక్కినా, దక్కకపోయినా, నాకిదే ఆఖరు. పొద్దున డాక్టరుకీ చెప్పాను. మీ ముగ్గురూ ఒకచోట ఉన్నప్పుడు చెబుదామని ఆగాను."