న్యూట్రల్‌లోనే ఉందమ్మా

ఆ అపార్ట్‌మెంటుకీ కాంపౌండు గోడకీ మధ్య ఒక దారి ఉంది. గేటు దగ్గర మొదలై వెనక బాల్కనీల కిందిదాకా పోతుంది. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి నేలంతా ఎర్రచారలు గీసి, గోడకి బోర్డు కొట్టి వెళ్ళారు: "ఫైరింజన్ దారి. ఇక్కడ వాహనాలు నిలపరాదు." అక్షరాలు అరచెయ్యంత ఉన్నాయి. కానీ ఆ భవనంలో పెద్ద చదువులవాళ్ళు ఎక్కువ కాబట్టి ఎవరికీ అర్థం కాలేదు.

అసోసియేషన్ అధ్యక్షుడుగారికి మాత్రం ఒక సంగతి అర్థమైంది. బోర్డు ఉంది కాబట్టి అక్కడ ఇంకెవరూ బండి పెట్టరు. ఇంకెవరూ పెట్టరు కాబట్టి తన కొత్త కారు మీద గీత పడదు. అంతే, ఎర్రచారల మీద పరుపు పరిచినట్టు కారు పరిచేశాడు. తడిసిన కారు కవరు ఆరేసుకోవడానికి ఆ బోర్డు కూడా పనికొచ్చింది.

నాలుగో అంతస్తులో అద్దెకున్న అమ్మాయికి ఆ కారు కంట్లో నలుసైంది. ఆమెకి ఎనిమిది నెలల పాప. పాప పుట్టినప్పటినుంచీ ఆమెకి భయాలు కూడా పుట్టాయి. గ్యాస్ కట్టేసి, కట్టేశానా అని మళ్ళీ చూసొస్తుంది. పడుకున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తుంది. మెట్లకింద మీటర్ల గదిలో జనం పాత పరుపులూ అట్టపెట్టెలూ కుక్కడం చూసి, ఒకనాడు అత్తగారిని కూర్చోబెట్టి పాఠం చెప్పింది: "పొగొస్తే మెట్లవైపు తలుపు తీయకండి అత్తయ్యా. తలుపు కింద తడిగుడ్డ దూర్చండి. పాపని తీసుకుని వెనక బాల్కనీలోకి వెళ్ళి, ఆ తలుపు కూడా మూసేయండి."

"నా మోకాళ్ళకి బాల్కనీయే ఊరి చివర. సరేలే, వెళ్తాను. నువ్వు ముందు ఆ అన్నం తిను," అంది అత్తగారు.

ఒక సాయంత్రం అధ్యక్షుడు కారు తుడుచుకుంటుంటే ధైర్యం చేసి అడిగింది.

"అంకుల్, ఇది ఫైరింజన్ దారి కదండీ?"

ఆయన బట్ట ఆపలేదు. "ఎవరు చెప్పారు?"

"బోర్డు చెప్పిందండీ. మీ కవరు తీస్తే మీకూ చెప్తుంది."

ఆయన నవ్వాడు. తప్పిపోయిన పిల్లని చూసి నవ్వే నవ్వు. "నువ్వెంతవరకు చదువుకున్నావమ్మా?"

"ఇంటర్ మొదటేడు సగం."

"అదీ సంగతి. రూల్ అంటే దాని వెనకున్న ఉద్దేశం చూడాలి. నేను హ్యాండ్‌బ్రేక్ వెయ్యను. కారు న్యూట్రల్‌లోనే ఉందమ్మా. ఫైరింజన్ వస్తే ఇద్దరు తోస్తే పోతుంది. అడ్డమెక్కడ?"

ఆ భవనంలో అది వేదవాక్కు. ఒకరి బండికి ఒకరు అడ్డంపెట్టి, న్యూట్రల్‌లో వదిలి, నిద్రపోవడం వాళ్ళ పద్ధతి. పొద్దున్నే పక్కవాళ్ళ కారు తోసి తమది తీసుకోవడాన్ని వాళ్ళు సర్దుబాటు అంటారు. మరీ మర్యాదస్తులైతే తోసినవాళ్ళకి థాంక్స్ కూడా చెప్తారు.

మొగుడితో చెబితే అతను నీళ్ళు నమిలాడు. "మనం అద్దెకున్నవాళ్ళం. ఆయనతో మనకెందుకు?"

"మంటకి సొంతిల్లూ అద్దిల్లూ తేడా తెలుస్తుందా?"

"నీకు పీడకలలు ఎక్కువయ్యాయి. నిద్రపో."

అప్పటినుంచి మెట్ల దగ్గర ఆడవాళ్ళు ఆమెని చూస్తే "ఫైరింజనమ్మ వస్తోంది, బండ్లు తీయండి" అని కిసుక్కుమనేవాళ్ళు. ఆమె తల దించుకుని వెళ్ళిపోయేది గానీ, దారి దగ్గర కళ్ళు మాత్రం కారు మీదే ఉండేవి. ఆ చూసే చూపులో ఒకటి కనిపెట్టింది. అధ్యక్షుడు గేటులోంచి వంకరగా వచ్చి, స్టీరింగ్ తిప్పింది తిప్పినట్టే వదిలి తాళం తీసుకుపోతాడు. ముందు చక్రాలు ఎప్పుడూ గోడవైపు మూతి తిప్పుకుని ఉంటాయి. అది మంచిదో చెడ్డదో ఆమెకి తెలియలేదు. అడిగితే మళ్ళీ చదువు సంగతి ఎత్తుతాడని ఊరుకుంది.

పాపకి ఒళ్ళు వెచ్చబడిన రోజు, మధ్యాహ్నం, అత్తగారికి అప్పజెప్పి మందుల షాపుకి వెళ్ళింది. వీధి చివరే. సీసా చేతిలో పట్టుకుని వస్తుంటే గేటు బయట జనం. మెట్లకింద గదిలోంచి నల్లటి పొగ. పాత పరుపులు అంటుకున్నాయి. పొగ మెట్లదారిని గొట్టం చేసుకుని పైకి పోతోంది. కింది అంతస్తులవాళ్ళు దగ్గుతూ బయటపడ్డారు. పై అంతస్తులవాళ్ళు ఆ వేళకి ఉద్యోగాల్లో ఉంటారు. ఆమె ఇల్లు తప్ప.

మెట్లవైపు పరుగెత్తబోతే ఎవరో రెక్క పట్టుకుని లాగారు. అక్కడినుంచే ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా!"

"బాల్కనీలోనే ఉన్నానే. తడిగుడ్డ పెట్టాను. పాప నా దగ్గరే ఉంది. అరవకు, నీ గొంతు విని ఏడుస్తుంది." అత్తగారి దగ్గు వినబడింది. "తొందరగా ఎవరినైనా పంపు."

ఫైరింజన్ రానే వచ్చింది. గేటు దగ్గర ఆగిపోయింది. ఎదురుగా ఎర్రచారల మీద నిగనిగలాడుతూ అధ్యక్షుడి కారు. బాల్కనీలు వెనకవైపు. నిచ్చెన అక్కడికి చేరాలంటే బండి లోపలికి రావాల్సిందే.

"కారెవరిది? తియ్యండి!" అని అరిచాడు ఇంజన్ డ్రైవరు.

అధ్యక్షుడు లుంగీ సర్దుకుంటూ ముందుకొచ్చాడు. "తాళం మా ఇంట్లో ఉంది."

"తెండి మరి!"

"ఇల్లు ఇందులోనే కదండీ," అన్నాడు పొగవైపు చూపిస్తూ. తాళంచెవి మొదటి అంతస్తులో, తలుపు పక్కన కొక్కేనికి భద్రంగా వేలాడుతోంది. అంత దుర్గతిలోనూ ఆయన ముఖం వెలిగింది. "కంగారేం లేదు. న్యూట్రల్‌లోనే ఉంది! తోయండి, తోయండి!"

తోశారు. ఆ భవనంలో ఒక్క పనికి అందరూ చెయ్యి కలిపింది ఆ రోజే. కారు కదిలింది కూడా. అధ్యక్షుడు "చూశారా!" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే ముందు చక్రాలు ఎప్పుడూ చూస్తూ వచ్చిన గోడవైపే వెళ్ళాయి. మూతి గోడకి గుద్దుకుంది. తోక తిరిగి భవనం మూలకి బిగుసుకుంది. ఇంతకుముందు దారిలో ఒకపక్క మనిషి పట్టే సందైనా ఉండేది. ఇప్పుడు బీరువా తలుపు వేసినట్టు మొత్తం మూసుకుపోయింది.

"స్టీరింగ్ లాకయింది. తాళం లేకుండా ఇది తిరగదు," అన్నాడు ఒక ఫైర్‌మన్.

"ఇంకాస్త గట్టిగా..." అన్నాడు అధ్యక్షుడు. "అయ్యో, చేతులు డోరు మీద పెట్టకండి, పెయింటు!"

ఆమె ఆయన వంక చూసింది. ఇన్నాళ్ళూ ఈ మనిషికా భయపడింది? పైన ఇద్దరు మనుషులు పొగ మింగుతుంటే పెయింటు గురించి ఏడ్చే మనిషికా అంకుల్, అంకుల్ అంటూ మెలికలు తిరిగింది?

ఇంజన్ డ్రైవరు కిందికి వంగి అడిగాడు. "బండి గుద్ది తొయ్యాలి. ఓనరు ఒప్పుకుంటాడా?"

"ఆగండి, ఇన్సూరెన్సువాళ్ళకి ఒక్క ఫోన్..." అధ్యక్షుడు జేబులు తడుముకున్నాడు.

ఆమె ఇంజన్ ముందుకి వెళ్ళి నిలబడింది. మందుసీసా ఇంకా పిడికిట్లోనే ఉంది. "అన్నా, పైన నా బిడ్డుంది. మా అత్తయ్య ఉంది. వాళ్ళకి ఓనర్ని నేను. నేను ఒప్పుకుంటున్నాను. గుద్దు!"

"అమ్మాయ్, నీకేం హక్కు..."

"న్యూట్రల్‌లోనే ఉంది కదండీ," అంది ఆమె. "పోతుంది."

ఇంజన్ గర్జించింది. ఇనప బంపరు కారు పొట్టలో దిగింది. గోడ మీద బోర్డుతో సహా కవరు ఊడి కిందపడింది. అద్దాలు జలజలా రాలాయి. కారు నలిగి, ముడుచుకుని, గోడని గీసుకుంటూ వెనక ఖాళీ జాగాలోకి దొర్లింది. ఇంజన్ దాని వెనకే వెళ్ళింది. నిచ్చెన లేచింది.

ముందు పాప దిగింది, ఫైర్‌మన్ భుజాన, మసిపట్టిన బుగ్గలతో, అతని టోపీ పట్టీ చప్పరిస్తూ. తర్వాత అత్తగారు, మెట్టుమెట్టుకీ మోకాళ్ళని తిట్టుకుంటూ. ఆమె పాపని లాక్కుని ముక్కు దగ్గర వేలు పెట్టింది. వెచ్చటి ఊపిరి తగిలింది. అప్పుడు కూలబడి ఏడ్చింది.

అంతటితో బుద్ధొచ్చిందనుకుంటే ఆ భవనం గురించి మీకేం తెలియనట్టే.

ఆదివారం అసోసియేషన్ మీటింగు పెట్టారు. మొదటి మాటే ఫైరింజన్‌వాళ్ళ దురుసుతనం. రెండోది, అద్దెకున్నవాళ్ళు ఓనర్ల ఆస్తి గురించి నిర్ణయాలు తీసుకోవచ్చా అన్నది. "క్షమాపణ చెబితే సరిపోతుంది. మేం పెద్దమనసు చేసుకుంటాం," అన్నారు కార్యదర్శిగారు. మొగుడు లేవబోయాడు, బహుశా చెప్పేద్దామనే. అత్తగారు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "కూర్చోరా. నీ పెళ్ళాం చెప్పిన తడిగుడ్డకి చెబుదువుగాని క్షమాపణ."

పరుపుల సంగతి, దారి సంగతి ఎవరూ ఎత్తలేదు. టీ తాగి లేచారు.

మర్నాడు పొద్దున అధ్యక్షుడు ఎవరిదో కారు అడిగి తెచ్చుకున్నాడు. అలవాటు చొప్పున గేటులోంచి వంకరగా తిప్పి, హారన్ కొట్టాడు. ఎర్రచారల మీద ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో ఆమె. ఒళ్ళో పాప. పక్కన స్టూలు మీద అత్తగారు. గోడకి బోర్డు మళ్ళీ ఎక్కింది, తుడిచి శుభ్రంగా.

"కుర్చీ తియ్యమ్మా, దారికి అడ్డం!"

"అవునండీ, ఇది దారే," అంది ఆమె పాపకి ముద్ద పెడుతూ. "ఫైరింజన్ వస్తే నేను లేచి కుర్చీ చంకన పెట్టుకుని పోతాను. మీ కారు లేస్తుందా?"

"ఎంతసేపు కూర్చుంటావు?"

"పాప తినేదాకా."

"ఆ తర్వాత?"

అత్తగారు స్టూలు కాస్త ముందుకి జరుపుకుంది. "తర్వాత నేను కూర్చుంటాను. నా మోకాళ్ళకి లేవడం కష్టం."

ఆయన మళ్ళీ హారన్ కొట్టాడు. ఆ చప్పుడుకి పాప మురిసిపోయి, ఇంకోసారి కొట్టమన్నట్టు రెండు చేతులూ ఆడించింది.