అత్తగారి కోసం డిఫరెన్షియల్

కళ్లద్దాల షాపు నడిపే ఆ అల్లుడికి వేగమంటే పిచ్చి. ఆదివారం వచ్చిందంటే తన ఎర్ర కారు ఊరిబయట రేస్ ట్రాక్ ఎక్కాల్సిందే. అతని కంటే ముందు అత్తగారు తయారై పక్క సీట్లో కూర్చునేది. ప్రతి మలుపులోనూ "నెమ్మది, నెమ్మది" అనడం ఆవిడ వంతు. రావద్దని చెప్పే ధైర్యం అతనికీ లేదు, అతని భార్యకీ లేదు.

కారుకి ఒక జబ్బుంది. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే లోపలివైపు చక్రం పట్టు తప్పి ఊరికే గిర్రున తిరిగేది. ఇంజన్ బలమంతా దానికే పోయేది. బలాన్ని రెండు చక్రాలకీ పంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించుకోమన్నాడు మెకానిక్. అందులో పళ్లచక్రాల రకం చడీచప్పుడూ లేకుండా పనిచేస్తుందట. ప్లేట్ల రకానికి పట్టు ఎక్కువే గానీ, ఇరుకులో బండి తిప్పేటప్పుడు కటకటమని మూలుగుతుందట. ఇంట్లోవాళ్లు ఎక్కే బండి కాబట్టి మొదటిదే మేలన్నాడు.

"ఆ మూలుగు ఏమాత్రం ఉంటుంది?" అని అడిగాడు అల్లుడు.

"బండి విరిగిపోతోందేమో అనుకుంటారు సార్."

"అయితే అదే వెయ్యి."

ఆదివారం పొద్దున స్టీరింగ్ పూర్తిగా తిప్పి, కావాలనే మెల్లగా బండి బయటికి తీశాడు. వెనక కటకట, ఆపైన టంగుమని ఒక దెబ్బ. అత్తగారు చెవులు రిక్కించింది. అతను మొహం దీనంగా పెట్టి, బండి పరిస్థితి ఏం బాగాలేదనీ, ఆవిడ ఇంట్లో ఉండిపోతే తనకి నిశ్చింత అనీ నసిగాడు.

"ఇన్నాళ్లకి దీనికి నోరొచ్చింది అల్లుడూ. పోనీ," అంది ఆవిడ, బెల్టు బిగించుకుంటూ.

బట్టల మిల్లులో మగ్గాల హోరు మధ్య బతికిన మనిషి ఆవిడ. చప్పుడు చెయ్యని యంత్రమంటే మొదట్నుంచీ గుబులట. దారిపొడుగునా ఆ మాటే చెప్పుకొచ్చింది.

ట్రాక్ మీద మొదటి మలుపులో "తొక్కు" అంది. తొక్కాడు. రెండు చక్రాలూ నేలని కరుచుకుని కారుని మలుపులోంచి విసిరినట్టు బయటికి లాగాయి. రెండో మలుపులో "ఇంకా" అంది. మూడో మలుపులో అతని కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లిపోయింది. ఆవిడ తిరిగి చూసి, అయ్యో పాపం అన్నట్టు నాలుక చప్పరించింది.

సోమవారం షాపు తెరవకుండానే మెకానిక్ దగ్గరికి వెళ్లి, చప్పుడు లేని రకం పెట్టడం కుదురుతుందా అని గొంతు తగ్గించి అడిగాడు.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "దాన్ని ముట్టుకోవద్దని మీ అత్తగారు పొద్దున్నే ఫోన్ చేశారు సార్. తన సీటుకి రేసు బెల్టు కూడా కావాలన్నారు. ఏ రంగుదో మిమ్మల్ని అడగొద్దన్నారు."