హానా పెంచిన బిడ్డ

సిరిల్ గెడ్జ్ చర్చి ఉత్తరపు గోడ పక్కన వంగి కొడవలితో గడ్డి కోస్తున్నాడు. డెబ్బై ఒకటో ఏడు. మోకాళ్లకు గోనెపట్టాలు, వేళ్ల సందుల్లో వదలని మట్టి. ఇంగ్లండులో సఫోక్‌లోని ఆ చిన్న ఊళ్లో నలభై ఏళ్లుగా గోతులు తవ్వడం, సమాధుల మధ్య గడ్డి కోయడం అతని పని. పెళ్లి చేసుకోలేదు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేదు. గెడ్జ్‌లు మెత్తనివాళ్లని ఊళ్లో పేరు.

పదిన్నరకు మేనకోడలు డోరీన్ టీ తెచ్చింది. ఏడాదిగా ఆమె పాత రికార్డుల ఆఫీసుకు వెళ్లి వంశం వివరాలు వెతుకుతోంది.

"చెప్పకూడదనుకున్నా మామయ్యా. కానీ కడుపులో దాచుకోలేకపోతున్నా."

సిరిల్ ముత్తాత జేబెజ్ గెడ్జ్ నూట నలభై ఏడేళ్ల కిందట, కోతల చివరిరోజున తాగిన మత్తులో, తోటికూలీ రాబర్ట్ లషర్‌ని కంచెలు నరికే కత్తితో చంపాడు. ఇప్స్‌విచ్‌లో జేబెజ్‌ని ఉరితీశారు. అతని భార్య అప్పటికే కొడుకు ఈలైని కని పురిట్లో పోయింది.

సిరిల్ కొడవలి పక్కన పెట్టి గడ్డిమీద కూర్చున్నాడు.

"మరి ఈలై తాతని ఎవరు పెంచారే?"

డోరీన్ ఆ హత్య జరిగిన మూడేళ్లకి తీసిన జనాభా లెక్కల నకలు అతని ఒళ్లో పెట్టింది. ఒకే ఇల్లు, మూడు పేర్లు. హానా లషర్. థామస్ లషర్, మూడేళ్లు. ఈలై గెడ్జ్, మూడేళ్లు.

"లషర్ అంటే... చచ్చిపోయినాయన పెళ్లామా?"

"ఆవిడే. పసివాణ్ణి అనాథల ఇంటికి పంపుతామంటే వద్దని తనే తెచ్చుకుందట. తన బిడ్డతో పాటు పాలిచ్చిందట. అప్పటి పాదిరీ రాసిపెట్టాడు."

సిరిల్ ఉత్తరపు గోడకేసి తిరిగాడు. తన చిన్నప్పుడు ఈలై తాత ప్రతి ఆదివారం ఈ గోడ పక్కనే, రాయీ పేరూ లేని చోట, టోపీ తీసి నిలబడేవాడు. ఎవరున్నారని అడిగితే తల నిమిరి ఊరుకునేవాడు. అంటే నలభై ఏళ్లుగా హానా సమాధిమీదే తను గడ్డి కోస్తున్నాడు.

టీ చల్లారిపోయింది. సిరిల్ టోపీ తీశాడు. తర్వాత మోకాళ్లమీద కూర్చుని, ఆ కాస్త నేలమీది గడ్డిని చేత్తోనే, పోచ పోచగా పీకాడు. డోరీన్ కూడా పక్కన కూర్చుంది.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం భోంచేసి కుర్చీలో వాలిన సిరిల్ మళ్లీ లేవలేదు.

పనిముట్ల షెడ్డు సర్దుతుంటే డోరీన్‌కి బల్లమీద ఓక్ పలక ఒకటి కనిపించింది. హానా లషర్ అని లోతుగా చెక్కి ఉంది. దాని కింద 'ఈలై గెడ్జ్ తల్లి' అన్న అక్షరాలు పెన్సిలుతో గీసి ఉన్నాయి. ఉలి ఇంకా పడలేదు.