టోటల్ వెయ్యకే, సుహా!

సుహాసినికి ఒక రోగం ఉంది. అంకెల పట్టిక కనబడితే చాలు, కింద టోటల్ వేస్తుంది. తర్వాత పక్కకి టోటల్ వేస్తుంది. రెండూ కలిశాయో లేదో చూస్తుంది. కలిస్తే ఊపిరి పీల్చుకుంటుంది. అప్పుడు చదువుతుంది ప్రశ్న.

ఈలోపు పక్క సీటువాడు ఐదు ప్రశ్నలూ కొట్టేసి ముందుకెళ్లిపోయుంటాడు.

బ్యాంకు క్లర్కు పరీక్షలో లెక్కల భాగం తీస్తే సగం పట్టికలే. ఫలానా ఐదు దుకాణాలు, ఫలానా ఐదేళ్లు, ఎన్ని సైకిళ్లు అమ్మారు. కింద ప్రశ్నలు. ఆ ప్రశ్నలకి కావలసిన అంకెలు గుప్పెడు. మిగతావన్నీ పెళ్లిలో ఊరికే నిలబడ్డ జనం. సుహాసిని ఆ జనం అందరికీ దణ్ణం పెట్టి, పేరుపేరునా పలకరించి, భోంచేశారా అని అడిగి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. రెండుసార్లు మెయిన్స్ దాకా వెళ్లి ఇక్కడే పోయింది. ఇంక ఇదే ఆఖరుసారి. వచ్చే నోటిఫికేషన్ నాటికి పిల్ల వయసు దాటిపోతుంది. కంప్యూటర్ అప్లికేషన్ కూడా తీసుకోదు.

అందుకే నా దగ్గరికొచ్చింది. అవనిగడ్డలో మా చర్చి వెనక సండేస్కూల్ గదిలో నేను పట్టికలు చెప్తాను. ఫీజు లేదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. నీ క్వాలిఫికేషన్ ఏంటని అడిగినవాళ్లకి చెప్పులు ఎక్కడ విడిచారో గుర్తు చేస్తాను.

మొదటిరోజు బోర్డు మీద ఒక పట్టిక వేశాను. P, Q, R, S, T అని ఐదుగురు ఉద్యోగులు. జీతంలో ఎంత శాతం అద్దెకి, ఎంత తిండికి, ఎంత ఇతరములకి పెడుతున్నారు.

వెనక్కి తిరిగేసరికి సుహాసిని పెన్సిల్ కదులుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"టోటల్ వేస్తున్నా ప్రియక్కా."

"ఎవడడిగాడు?"

"ఎవరూ అడగలేదు. కానీ... వెయ్యాలిగా?"

గది అంతా గొల్లుమంది. కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్న డేనియల్ బెంచీ మీద చరిచి మరీ నవ్వాడు.

"ఇటు చూడు," అన్నాను. "ఇది పట్టిక కాదు. మీ వీధి. ఐదు ఇళ్లు. నీకు R గాడి ఇంట్లో పని. Q ఇంటి అద్దె నీకెందుకు? నువ్వేమన్నా అద్దెకి దిగుతున్నావా?"

"కాదు."

"R గాడు జీతంలో నలభై రెండు శాతం ఇతరములకి తగలేస్తున్నాడు. అది చూడు."

"నలభై రెండా? ఏంటక్కా ఆ ఇతరములు?" డేనియల్ అడిగాడు.

"నువ్వే చెప్పు. నీ స్నేహితుడిలా ఉన్నాడు."

"కోడిపందేలు!"

"కాదు, రీఛార్జులు!" ఇంకో మూల నుంచి.

"పాపం, చెల్లెలి చదువుకేమో," అంది సుహాసిని.

"చెల్లెలి చదువైతే ఇతరములని రాయడే! గొప్పగా పేరు పెట్టి రాస్తాడు!"

ఇక ఆ పూట పాఠం ఎక్కడ సాగింది! R గాడి పరువు బందరు దాకా పోయింది. కానీ క్లాసు వదిలేసరికి R గాడి ఖర్చు ఎంతో అందరికీ నోటికొచ్చు. సుహాసినికి కూడా. అయితే ఆమె కాగితం అడుగున టోటళ్లు కూడా ఉన్నాయి. సందు చూసుకుని వేసేసింది.

ఇది పిల్ల తప్పు కాదు, పెంపకం అని అర్థమైంది. ఆదివారం ఆరాధన అయ్యాక చల్లపల్లి బస్సెక్కి వాళ్లింటికే వెళ్లాను.

వాళ్ల నాన్న వెంకటసుబ్రహ్మణ్యం గారు రెవెన్యూ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. ఆ ఇంట్లో పాలవాడి లెక్కకీ టోటల్, పెళ్లి భోజనాల విస్తళ్లకీ టోటల్. భ్రమరాంబ గారు కాఫీ ఇచ్చి, "ఆయనతో పెట్టుకోకమ్మా, గోడ క్యాలెండరు కూడా కూడతారు," అని లోపలికెళ్లిపోయారు.

నేను ఒక మోడల్ పేపరు ఆయన చేతిలో పెట్టాను. జనం పనికి దేనిమీద వెళ్తున్నారో శాతాల్లో ఇచ్చిన పట్టిక. బస్సు 34, బైకు 27, ఆటో 19, సైకిలు 12, నడక 9. ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నారు. పెదాలు కదిలాయి. మొహం ఎర్రబడింది.

"నూటొకటి వస్తోంది!"

"అవునండీ."

"నూటొక్క శాతం! అమ్మాయ్, ఊళ్లో ఉన్న జనం కంటే ఎక్కువమంది పనికి వెళ్తున్నారు! ఆ ఒక్క శాతం ఎక్కడి మనుషులు?"

"కింద చూడండి మావయ్యగారూ. దగ్గరి అంకెకి సవరించాం అని రాశారు."

"సవరించింది ఎవరు? ఇనీషియల్ ఏది? తేదీ ఏది?" లేచి నిలబడిపోయారు. "సుహా, ఈ పేపరు నువ్వు చెయ్యొద్దు. ఇది చెల్లదు. ఆఫీసులో అయితే వెనక్కి కొట్టేసేవాళ్లం."

సుహాసిని నా వైపు చూసింది, చూశావా అక్కా నా బతుకు అన్నట్టు. నాకు నవ్వూ వస్తోంది, ఒళ్లూ మండుతోంది. మండటమే గెలిచింది.

"వెనక్కి కొట్టండి మావయ్యగారూ! పరీక్ష పెట్టినవాడికి ఒక మెమో కూడా ఇవ్వండి! ఈలోపు అమ్మాయి వయసు దాటిపోతుంది. అప్పుడు దాని పుట్టినతేదీ కూడా సవరించి ఇనీషియల్ వేస్తారా? రెండుసార్లు అది ఎందుకు పోయిందో తెలుసా మీకు? లెక్క రాక కాదు. అడగని లెక్క చేసి. మీరు నేర్పిన లెక్క."

వంటింట్లో గరిట ఆగింది. మరీ ఎక్కువైందేమో అనుకున్నాను. అనుకున్నాను గానీ ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోలేదు.

ఆయన కూర్చున్నారు. పేపరు తిరగేసి బోర్లా పెట్టారు. "మరి వెయ్యకుండా ఉండటం ఎలాగమ్మా?" అన్నారు. నిజంగా తెలియక అడిగారు. సిగరెట్టు మానడం ఎలాగని అడిగినట్టు.

"చెయ్యి అడ్డం పెట్టాలండీ. ముందు ప్రశ్న. తర్వాత దానికి కావలసిన గడి. మిగతాది మూసెయ్యాలి."

ఆ మర్నాటి నుంచి ఆయనే కూతురితో పాటు అవనిగడ్డ వచ్చేవారు. భుజం మీది తువ్వాలు తీసి పట్టిక మీద కప్పేవారు. సుహాసిని ప్రశ్న చదివి, "రెండో వరస, మూడో గడి," అంటే అంతమేరకే తువ్వాలు జరిపేవారు. తిరుపతిలో తెర తీసినంత భక్తి. నా క్లాసు మొత్తం చదువు మానేసి వీళ్లనే చూసేది.

మొదట్లో ఇద్దరూ అల్లాడిపోయారు. తువ్వాలు కొస ఎత్తి ఆయనే తొంగిచూసేవారు.

"మావయ్యగారూ, పెదాలు కదులుతున్నాయి."

"విష్ణు సహస్రనామం అమ్మా."

"విష్ణు సహస్రనామంలో 'మనసులో ఏడు, చేతిలో నాలుగు' ఎక్కడొస్తుందండీ?"

డేనియల్ బెంచీ కింద పడ్డాడు. ఆయన కూడా నవ్వేశారు. అంత పెద్దమనిషి, పొట్ట పట్టుకుని, కళ్లజోడు తీసి తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ. తువ్వాలు తీసేసరికి పట్టిక మొత్తం బయటపడింది. సుహాసిని గబుక్కున టోటల్ వేసేసింది.

"దొంగా!" అన్నాం అందరం.

అలా అలా తగ్గింది. మానలేదు, తగ్గింది. పరీక్ష దగ్గరపడేసరికి పట్టిక చూస్తే చేతివేళ్లు మాత్రం ముడుచుకునేవి, పెన్సిల్ కదిలేది కాదు.

పరీక్ష మచిలీపట్నం అవతల ఒక కాలేజీలో పడింది. పొద్దున్నే ఆఖరి పట్టిక ఒకటి చేయించి, ముగ్గురం అవనిగడ్డ నుంచే బస్సులో వెళ్లాం. మోపిదేవి దాటుతుంటే ఆయన గుడివైపు దణ్ణం పెట్టుకున్నారు. నేను కళ్లు మూసుకుని ప్రభువా, ఈ పిల్ల వేళ్లు పట్టుకో అన్నాను. ఇద్దరు దేవుళ్లకీ పని ఒకటే అప్పగించాం.

గేటు బయట చెట్టూ లేదు, చేమా లేదు. ఆయన గొడుగు వేసి నా మీద పట్టారు, తాను ఎండలో నిలబడి. వద్దంటే వినరు. లోపల పిల్లకంటే బయట మాకు ఎక్కువ చెమట.

పిల్లలు బయటికి రావడం మొదలుపెట్టారు. సుహాసిని వచ్చింది. రెండు చేతులతో మొహం మూసుకుని, భుజాలు ఎగిరెగిరి పడుతూ.

ఆయన చేతిలో గొడుగు జారింది. "పోనీలేమ్మా," అంటూ పరిగెత్తారు. "పోనీలే తల్లీ. ఉద్యోగం లేకపోతే ఏం, నేనున్నాను..."

అది చేతులు తీసింది. ఏడుపు కాదు. నవ్వు. ఆగని నవ్వు. మాట రాకుండా నవ్వు.

"నాన్నా... పట్టిక చివర... 'మొత్తం' అని ఒక వరస ఉంది. ఖాళీగా! వరస వరసంతా ఖాళీగా!"

ఆయన గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "ఖాళీగానా?"

"ఖాళీగా!"

"మరి నువ్వు..."

"వదిలేశా నాన్నా! ఐదు ప్రశ్నలూ చేసేసి, ఆ ఖాళీలు ఖాళీలుగానే వదిలేసి వచ్చేశా!"

ఆయన ఒక క్షణం అలా నిలబడ్డారు, ఎవరో ఇంటి తలుపులు బార్లా తీసి ఊరెళ్లిపోయారని విన్నట్టు. తర్వాత, "శభాష్," అన్నారు.

"ఆగండాగండి," అన్నాను. దాని మొహంలో ఇంకేదో ఉంది. "అన్నిటికీ వదిలేశావా?"

నేల చూసింది. "ఒక్కదానికి వేశాను. ఆఖరు పట్టిక. గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయక్కా అంకెలు. అన్నీ సున్నాలతో. చెయ్యి ఆగలా."

"ఎన్ని ప్రశ్నలు పోయాయే?"

"మూడు."

"ఓసి నీ..." అని ఆపాను, తండ్రి పక్కనున్నాడు కదా అని. ఆయన మాత్రం మెల్లగా వంగి, "టాలీ అయిందా?" అని అడిగారు.

"అయింది నాన్నా."

ఇద్దర్నీ ఆ గేటు దగ్గరే వదిలేసి వెళ్లిపోదామనిపించింది.

ఆ మూడు ప్రశ్నలు మా గొంతులో ముల్లులా ఉండిపోయాయి. కటాఫ్ ఎంతుంటుందో ఎవరికీ తెలియదు. రిజల్టు ఇవాళ, రేపు అని వాట్సాప్‌లో పుకార్లు. ఈలోగా గుడివాడలో కూడా ఒక బ్యాచ్ పెడదామని నాకు పుట్టింది. అక్కడ మా కజిన్ షీబా వాళ్ల మేడమీద గది ఖాళీగా ఉంది. చూడటానికి వెళ్తుంటే తండ్రీకూతుళ్లు కూడా వస్తామన్నారు. ఇంట్లో కూర్చుంటే భయం.

బందరులో గుడివాడ బస్సెక్కాం. పెడన దాటామో లేదో డేనియల్ ఫోను. "అక్కా! రిజల్ట్ వచ్చేసింది! చూశారా?"

సుహాసిని ఫోను తీసింది. నంబరు కొట్టింది, పుట్టినతేదీ కొట్టింది. వంకరటింకర అక్షరాలు కొట్టమంది, తప్పు కొట్టింది. మళ్లీ కొట్టింది. చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. సిగ్నల్ ఒక గీత.

"ఏంటమ్మా అంత కంగారు?" కండక్టరు సాయిబాబు వచ్చాడు, మెడలో టికెట్ మిషను వేలాడుతోంది.

"రిజల్టండీ. బ్యాంకు."

"అయ్యో, ఈ రూట్లో నా నెట్‌వర్కే పనిచేస్తుంది. హాట్‌స్పాట్ పెట్టుకో." ముందుకి తిరిగి అరిచాడు. "డ్రైవరు గారూ, కాస్త నెమ్మదిగా! బ్యాంకు రిజల్టు చూస్తున్నారు!"

అంతే. బస్సంతా సీట్లలోంచి లేచింది. ముందు సీటు ఆవిడ మోకాళ్ల మీద వెనక్కి తిరిగి కూర్చుంది. ఎవరో పాట ఆపేశారు.

పేజీ తెరుచుకుంది. ఒక పట్టిక! భాగాలు, గరిష్ఠం, వచ్చినవి. సుహాసిని కళ్లు మొదటి గడి మీద పడి ఆగిపోయాయి. పక్కన వెంకటసుబ్రహ్మణ్యం గారి పెదాలు మొదలయ్యాయి. కూతురి వేళ్లు కూడా.

"టోటల్ వెయ్యకే సుహా! కింద చూడు! కిందకి!" అని అరిచాను.

ఆయన ఫటామని ఆ పట్టిక మీద అరచెయ్యి వేసి మూసేశారు. వేళ్ల కింద ఒక్క లైను మిగిలింది. అది చదివింది. మళ్లీ చదివింది.

"నాన్నా... సెలెక్టయ్యా."

తర్వాత ఏం జరిగిందో వరసలో చెప్పలేను. నేను సీటు మీదెక్కి అరిచాను. ముందు సీటావిడ నన్ను వాటేసుకుంది, నేనే పాసయ్యాననుకుని. ఎవరో పడిపోయారని డ్రైవరు బ్రేకు వేశాడు. జీవితంలో గట్టిగా తుమ్మని వెంకటసుబ్రహ్మణ్యం గారు "సెలెక్టయిందండీ!" అని కండక్టర్ని బిగియారా కౌగలించుకున్నారు.

ఇద్దరి మధ్యా నలిగిన మిషను కిర్రుమంది. ఒక టికెట్టు బయటికొచ్చింది.

సాయిబాబు దాన్ని చింపి చూశాడు. "మహిళల ఉచిత టికెట్టండీ. బందరు నుంచి గుడివాడకి. కొట్టిందెవరికి? బస్సులో ఆడవాళ్లందరికీ ఇచ్చేశానే. ఇప్పుడు చెకింగ్ ఎక్కితే లెక్కలో ఒక ఆడమనిషి ఎక్కువుంటుంది!"

అందరం వెంకటసుబ్రహ్మణ్యం గారి వైపు చూశాం. లెక్కలో మనిషి ఎక్కువ! ఆయన ముందా మాట!

ఆయన టికెట్టు తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నారు. "ఎక్కువేం లేదండీ. అది మా ఆవిడది."

"ఏరీ?"

"ఎక్కిస్తున్నాను, ఉండండి," అని ఫోను తీసి ఇంటికి కలిపి, స్పీకరు పెట్టి, బస్సంతా వినబడేలా పైకెత్తి పట్టుకున్నారు. మేమందరం ఒక్కసారే అరిచాం.

"హలో? హలో?" అన్నారు అవతల భ్రమరాంబ గారు. "ఏమండీ, ఎవరండీ ఇంతమంది?"