కరెంటు పోయినప్పుడు

స్విచ్ ఆపే ముందు అబూబకర్ వంగి, ఇనుము కోసే మిల్లింగ్ మిషన్‌లో కట్టర్ బిగించిన హెడ్డు కింద చింతమొద్దు పెట్టాడు. హెడ్డు దాని మీద కూర్చున్నాకే కరెంటు తీశాడు. కొన్నాళ్లుగా అతని చేతులకు అదే అలవాటు.

హిందూపురంలో గోవిందరాజులు షెడ్డులో ఉన్న ఆ మిషన్‌ను ఇదివరకు చేత్తో తిప్పేవాళ్లు. హెడ్డును పైకీ కిందికీ నడిపే పాత స్క్రూ బిగువైనది. ఎక్కడ వదిలితే అక్కడే పట్టుకునేది. మిషన్‌ను కంప్యూటర్‌తో నడిచేలా మార్చినప్పుడు దాన్ని తీసి, ఉక్కు గుండ్ల మీద తిరిగే కొత్త స్క్రూ వేసింది అబూబకరే. అది నున్నగా తిరుగుతుంది. మోటారు పట్టుకున్నంతసేపే హెడ్డు నిలుస్తుంది. కరెంటు పోతే తన బరువుకు తానే కిందికి జారుతుంది.

కిందటి వారం అలాగే జారి కట్టర్ విరిగింది. గోవిందరాజులు కట్టర్ పోయిందని బాధపడ్డాడు. అబూబకర్‌కు మాత్రం కల్పన వేళ్లే కళ్లముందు మెదిలాయి. పరిగి నుంచి బస్సులో వచ్చి ఆ మిషన్ నడిపే అమ్మాయి ఆమె. ఒక్కో బిళ్ల కోత అవగానే కట్టర్ కింద చెయ్యి పెట్టి ఇనప రజను తుడుస్తుంది. అన్నం కలుపుకుంటున్నా అబూబకర్‌కు ఆ వేళ్లే గుర్తొచ్చేవి. పాత స్క్రూ ఎవరి చేతినీ నలపలేదు. తీసింది తను.

"సాయంత్రానికి మిషన్ తిరగల్ల అబూబకర్. ఆర్డరు ఆగిపోతాది," అన్నాడు గోవిందరాజులు.

"తిరుగుతాది సార్. బరువు కట్టినాకనే."

మిషన్ నెత్తిన రెండు చక్రాలు బిగించాడు. వాటి మీదుగా గొలుసు వేసి, ఒక కొస హెడ్డుకు, రెండో కొస వెనకవైపు వేలాడే ఇనప పలకలకు కట్టాడు. ఒక గొలుసు తెగితే? దాని పక్కనే ఇంకొకటి వేశాడు. వెల్డింగు అతుకును సుత్తితో కొట్టి విన్నాడు. నమ్మకం చాలక మళ్లీ కొట్టాడు.

స్క్రూ నుంచి హెడ్డును విడదీసి చూస్తే అది కిందికే దిగింది. ఇంకో పలక తగిలించాడు. ఈసారి హెడ్డు తనంతట తానే పైకి లేచింది. అబూబకర్ ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. పలకను సగానికి కోశాడు. అప్పుడు వేలితో నెడితే హెడ్డు కదిలింది, వదిలితే ఆగింది. పొద్దున్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. బరువులెత్తినందుకే అనుకున్నాడు.

పదిహేనేళ్ల వయసులో రొద్దం నుంచి వచ్చి పనిలో చేరినవాడు. పిల్లలు లేరు. పెనుకొండలో భార్య సుగ్రా బట్టలు కుడుతుంది. మార్చిన మిషన్‌కు పూజ చేసినరోజు తీసిన ఫొటోలో అందరూ ఉన్నారు. అబూబకర్ మాత్రం వెనకపక్క బోల్టు బిగిస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం మిషన్ నడిచింది. ఒక బిళ్ల అయింది. కల్పన కట్టర్ కింద చెయ్యి పెట్టింది.

ఫ్యాన్లు ఆగిపోయాయి. లైట్లు ఆరిపోయాయి.

అబూబకర్ గుమ్మం దగ్గర ఉన్నాడు. ఆ మసకలో హెడ్డును చూస్తూ నిలబడిపోయాడు. గొలుసు కిర్రుమనలేదు. హెడ్డు కదల్లేదు. కల్పన తీరిగ్గా రజనంతా తుడిచి, చెయ్యి తీసి, గుడ్డ దులుపుకుంది.

"ఏమన్నా, అట్ల చూస్తాండావు?"

"ఏం లేదు పాపా."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బయటినుంచి గోవిందరాజులు, "జనరేటర్ ఎయ్యండప్పా!" అని కేకేశాడు. షెడ్డులో ఇంకేమీ జరగలేదు.

సాయంత్రం పసుపురంగు డబ్బా తెరిచి, వెనక వేలాడే పలకలకు పూయడం మొదలుపెట్టాడు.

"దానికెందుకన్నా రంగు?" అంది కల్పన.

"ఇది పైకీ కిందికీ ఆడతాంటాది పాపా. ఎవురన్నా తల పెడతారు. కనపడల్ల గదా." సగం పూసేసరికి బస్సు వేళయింది. బ్రష్షును డబ్బాలోనే వదిలి లేచాడు. "మిగిలింది రేపేస్తాలే."

పెనుకొండ చేరేసరికి చీకటి పడుతోంది. రొమ్ము బరువుగా ఉందని సుగ్రాతో చెప్పి చాప మీద ఒరిగాడు. ఆమె టీ కాచి తెచ్చేసరికి ఊపిరి లేదు.

అబూబకర్‌ను మట్టి చేసి వచ్చిన మర్నాడు గోవిందరాజులు షెడ్డు తెరిచాడు. కల్పన మిషన్ వెనక్కి వెళ్లింది. పలకలు సగం పసుపుగా, సగం తుప్పుగా వేలాడుతున్నాయి. మిగతాది తనే పూద్దామని డబ్బాలోని బ్రష్షు పట్టుకుని లాగింది. రంగు గట్టిపడిపోయింది, బ్రష్షుతోపాటు డబ్బా కూడా పైకి లేచింది.