తక్కువ వాడిన 480

ఆదివారం పొద్దున పది గంటలకు మ్యాచ్. శుక్రవారం సాయంత్రం మంజునాథ్ ఫోన్ చేసి, నన్ను టీములోంచి తీసేయబోతున్నట్టు చాలా మర్యాదగా చెప్పాడు.

"తప్పుగా అనుకోవద్దక్కా. ఫైట్ ముదిరితే చాలు, నీ సిస్టం ఆగిపోతాండాది. పోయిన వారం మూడు రౌండ్లు అట్లే పోయినాయి. నా రూమ్మేటును రెడీగా పెట్టినా. ఆదివారం మొదటి ఆట నువ్వే ఆడు. ఈసారి కూడా తేలిపోతే రెండో ఆట నుంచి వాడు ఆడతాడు."

మంజునాథ్ మా కెప్టెన్. అమరాపురం వాడు, బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నేనేమో హిందూపురంలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్లో పనిచేస్తూ, సాయంత్రాలు కంప్యూటర్ ఆటలో తుపాకీ పట్టుకునే మనిషిని. మూడు ఆటల్లో రెండు గెలిస్తే వచ్చే నెల బెంగళూరులో స్టేజీ మీద, జనం ముందర ఆడతాం. మూడేళ్లుగా నేను కలగన్నది అదొక్కటే. అది మర్యాదగా చేజారిపోతోంది.

నా కంప్యూటర్ వయసు ఏడేళ్లు. బజారులో అడిగితే షాపాయన చెప్పిందేమిటంటే, ఆటలో బొమ్మను నడిపించే గ్రాఫిక్స్ కార్డు కొత్తది వేస్తే దానికి తగ్గ పవర్ సప్లై, అదే కరెంటు డబ్బా, వేయాలి, ఆ డబ్బాకు తగ్గట్టు మిగతావీ మార్చాలి, చివరికి పాతదాంట్లో మిగిలేది మౌసు ఒక్కటే. మార్చాలా, మానాలా అని నెల రోజులుగా నలుగుతున్నాను. మా అవ్వ రామాంజినమ్మ మాత్రం వక్కాకు నములుతూ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"ఆడలేక మద్దెల ఓడనిందంట నీయట్లాదే."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. మండింది ఎందుకంటే, అది నిజమేమోనని నాకూ భయముంది.

ఆ భయంలో, ఆ కోపంలో ఫోన్ తిప్పుతుంటే ధర్మవరం అమ్మకాల గ్రూపులో ఒక మెసేజ్ కనబడింది. 'గ్రాఫ్ 480 కార్డులు కలవు. తక్కువ వాడినవి. తిరుపాల్.' 480 అంటే తొమ్మిదేళ్ల కిందటి గ్రాఫిక్స్ కార్డే, కానీ నా దానికి రెండింతలు బలం. నా పాత కరెంటు డబ్బా మీదే నడుస్తుంది. మనవాళ్లు టైపు చేసేటప్పుడు సగం మాట మింగేస్తారు కదా, గ్రాఫిక్స్ కాస్తా గ్రాఫ్ అయిందనుకున్నాను. వెంటనే ఫోన్ కొట్టాను.

"480 యే కదా పెద్దాయనా?"

"480 యే పాపా. దాంట్లో అనుమానమే లేదు."

"ఎన్నేళ్లు వాడినారు?"

"యాడ వాడినాం. రెండుసార్లు ఏసినాము, తీసి పెట్టేసినాము."

"వేడి తగిలి పాడయ్యుంటాయేమో అని అడుగుతాండా."

"ఎండ పొడ తగలనీలేదమ్మా. గుడ్డ చుట్టి బీరువాలో పెట్టినా."

"బొమ్మ క్లియర్ గా వస్తాదా?"

"నెమలి ఈకలో పోచలు లెక్కపెట్టుకోవచ్చు. నీ మిషన్ ఎట్లాంటిది? 480 పడతాదా?"

"పాతదే గానీ పడతాది."

"అయితే ఇంకేం. రేపు రా."

ఇంత నమ్మకంగా సరుకు అమ్మే మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, సంతోషంతో.

శనివారం సెలవు పెట్టి ధర్మవరం రైలెక్కాను. పెనుకొండలో మధన్న ఎక్కాడు. ఆయనకు అక్కడ సెల్‌ఫోన్ రిపేరు షాపుంది, మా టీములో నాలుగోవాడు. కార్డు మంచిదో కాదో చూసి చెప్పడానికి రమ్మన్నాను. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని తోడిపెళ్లికొడుకులా కూర్చున్నాడు. ఎర్ర నేలలూ గుట్టలూ వెనక్కి పోతున్నాయి. మేమిద్దరం మాత్రం అప్పుడే బెంగళూరు స్టేజీ మీద ఉన్నాం. ఎవరు ఏ మూల నిలబడాలో టీ కప్పులతో సీటు మీదే చూపించుకున్నాం.

తిరుపాల్ ఇంటి సందులో మగ్గాల చప్పుడు వినబడగానే నాకు తట్టాల్సింది. తట్టలేదు. ఆశ చెవులు కూడా మూసేస్తుంది. అరవై దాటిన మనిషి, నుదుట విభూతి, ముఖం వెలిగిపోతోంది. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, బీరువా తెరిచి, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో ఒక మూట తెచ్చి మా ముందు విప్పాడు.

అట్టలు. ఒకదానికొకటి దారంతో కుట్టిన పొడుగాటి అట్టలు, ఒక్కోదాని నిండా వరసగా చిల్లులు. పట్టుచీరల మగ్గం పైన ఉండే జాకార్డు మిషన్ కు వీటిని వేలాడదీస్తారు. ఏ చిల్లు ఎక్కడుందో దాన్ని బట్టి పోగులు లేచి, అంచు మీద నెమలి పడుతుంది. దాన్ని ముందు గీసుకునే గళ్ల కాగితం గ్రాఫు. 480 అంటే ఆ మిషన్ కు ఉండే కొక్కేల లెక్క.

"ఆరునూర్ల కార్డులు. ఒక్క చిల్లు తప్పుండదు. చూసుకో పాపా," అన్నాడు తిరుపాల్.

మధన్న నా వైపు చూశాడు. నేను చాప వైపు చూశాను. తర్వాత ఆయన నవ్వాపుకోలేక గుటకలు మింగడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, సిగ్గొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా నా మీద నాకు కోపమొచ్చింది. జరిగింది చెప్పేశాను. కంప్యూటరు, ఆట, రేపు పది గంటలు, అంతా.

తిరుపాల్ కోప్పడలేదు. కాసేపు మూటనే చూసి, "అట్లనా," అని నవ్వాడు. "రెండేండ్లకు ఒక గిరాకీ వచ్చిందనుకుంటి. పోనీలే. ఇంతకీ నీ మిషన్ కు ఏమైంది?"

"నడుస్తా నడుస్తా ఆగిపోతాండాది పెద్దాయనా."

"మొదలు పెట్టంగానేనా, కొంచేపు నడిచినాకనా?"

"పది నిమిషాలైనాక."

"అయితే కార్డులది కాదు," అన్నాడు, క్షణం కూడా ఆలోచించకుండా. "కార్డుది తప్పయితే మొదటి పోగులోనే తెలిసిపోతాది. నడిచి నడిచి మొరాయించిందంటే మిషన్లో దుమ్మన్నా కూర్చోనుండల్ల, నూనెన్నా ఎండిపోయుండల్ల. మా తావ ఎవురొచ్చినా ముందు కార్డులు మార్చమనే అంటారు. మిషన్ ఎప్పుడు తుడిచినావు?"

ఆయుధపూజకు ఏటా నా కంప్యూటర్ కు కుంకుమ పెట్టాను, పూలు పెట్టాను, నిమ్మకాయ కోశాను. లోపల ఏముందో ఏడేళ్లలో ఒక్కసారీ చూడలేదు. విప్పితే గ్యారంటీ పోతుందని సీలు కూడా తీయలేదు. ఆ గ్యారంటీ పోయి నాలుగేళ్లయింది.

"మధన్నా," అన్నాను నెమ్మదిగా, "నువ్వు రిపేరు షాపోనివి కదప్పా."

"నువ్వు కార్డు కార్డు అంటాంటే నేనూ కార్డే అనుకున్యా," అన్నాడు తల గోక్కుంటూ.

అంతే, ఇద్దరం ఒకేసారి లేచాం. తిరుపాల్ మజ్జిగ తాగి పొమ్మంటే నిలబడే తాగాం. నా కడుపులో ఆశ మళ్లీ లేచి కూర్చుంది, ఈసారి ఇంకా గట్టిగా. పెనుకొండలో దిగి మధన్న షాపులో దుమ్ము ఊదే బ్లోయరు, చిప్పు వేడెక్కకుండా పూసే పేస్టు తీసుకుని, హిందూపురం బస్సెక్కాం. ఇల్లు చేరేటప్పటికి ఇంకా వెలుగుంది.

వాకిట్లో పెట్టి విప్పాం. లోపల ఫ్యాను రెక్కలు కనబడలేదు. గొర్రెకు బొచ్చు పట్టినట్టు దుమ్ము పట్టి ఉంది. మధన్న బ్లోయరు నొక్కగానే వీధంతా బూడిద రంగయింది. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "దీంట్లో ఒక మడి చెయ్యొచ్చు గదే," అంది. చిప్పు మీద పాత పేస్టు ఎండి పెచ్చులు పెచ్చులుగా రాలింది. తుడిచాం, కొత్తది పూశాం, బిగించాం. స్విచ్చి వేశాక ఫ్యాను చప్పుడు వినబడలేదు. చెడిపోయిందనుకున్నాను. మధన్న చేయి అడ్డం పెట్టి చూసి, "తిరుగుతాండాది," అన్నాడు. గంటసేపు నడిపాం. ఒక్కసారీ ఆగలేదు. నేను వాకిట్లో నిజంగానే ఎగిరాను.

ఆదివారం పది గంటలు. మొదటి ఆట ఓడిపోయాం.

కంప్యూటర్ ఆగలేదు. నీళ్లలా నడిచింది. ఓడించింది నేనే. చివరి రౌండులో తొందరపడి, కాపలా కాయాల్సిన తలుపు వదిలేసి ముందుకురికాను. అటువైపు నుంచి అవతలి టీము వచ్చి మా నలుగుర్నీ వెనక నుంచి కాల్చారు. సిస్టం ఆగడం చాటున ఇన్నాళ్లూ నాకు కనబడని నా తప్పు ఈసారి స్పష్టంగా కనబడింది.

హెడ్‌ఫోన్లో మంజునాథ్ అడిగాడు.

"సిస్టం ఆగిందా అక్కా?"

అవునంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. పరువు దక్కుతుంది, సీటు పోతుంది. కాదంటే పరువూ పోతుంది, సీటూ పోతుంది.

"లేదప్పా. సిస్టం బాగుండాది. తలుపు వదిలింది నేనే. తప్పు నాదే."

"సరే," అన్నాడు మంజునాథ్. "ఈసారి తలుపు వదలొద్దు."

వదల్లేదు. రెండో ఆటలో ఆ తలుపు దగ్గర నేను పాతుకుపోయాను. వచ్చినవాణ్ణి వచ్చినట్టు పడగొట్టాను. చివరి రౌండులో మావాళ్లంతా పడిపోయి, అవతలివాళ్లలో ఇద్దరూ నేనొక్కదాన్నీ మిగిలాం. ఒకడు ఎడమ నుంచి, ఒకడు కిటికీలోంచి. ఇద్దరూ పడ్డారు. మధన్న అరుపుకు నా చెవి గింగిరుమంది. గెలిచాం. ఒకటికి ఒకటి.

మూడో ఆటకు ముందు రెండు నిమిషాలు విరామం. అప్పుడు హెడ్‌ఫోన్లో ఒక కొత్త గొంతు, కాస్త బెరుకుగా వినబడింది. మంజునాథ్ రూమ్మేటు, పొద్దున్నుంచి అక్కడే కాచుకుని ఉన్నాడు.

"మంజూ, నేనుండల్నా, పోవల్నా?"

"నువ్వు పోప్పా," అన్నాడు మంజునాథ్. "అక్క ఉండాది."